దండ ఏసిన ఫొటో నాది గాదు

వరంగల్, కరీమాబాద్
11 ఫిబ్రవరి 2025

చిరంజీవి తమ్ముడు ఓంప్రకాశ్‌కు నీ అక్క చిలుకమ్మ దీవించి రాయించునది.

యాకయ్య అలవాటు కొద్ది మొదాలు "ఉభయకుశలోపరి" అని రాసిండు. కొట్టెయ్యమన్న. మొన్న ఆదివారం నువ్వు టీవీల నన్ను సంపినంక రెండు దిక్కులా కుశలం ఎక్కడిది? యాకయ్య ఎవ్వలని అడుగుతవు కావచ్చు. సుబేదారిల రిజిస్ట్రేషన్ ఆఫీసు ముంగట దస్తావేజులు రాసి రాసి ముసలోడైన మనిషి. మా ఇంటెనుకనే ఉంటడు. నాకు సదువు లేదు, ఆయనకు పని లేదు, అట్ల కుదిరింది. ఫోన్ చేస్తె నీ పీఏ ఎత్తి "సార్ షాట్‌ల ఉన్నరు" అని కోస్తడు. కాయితాన్ని ఎట్ల కోస్తడో సూస్తా.

ఇగ అసలు ముచ్చట. నీ ప్రోగ్రాం మొదటి రోజని వాడకట్టంత మా ఇంట్లనే కూసున్నరు. అందరికి శనిగ గుడాలు పెట్టిన. "మా తమ్ముడు ఇన్నేండ్లు కెమెరా ఎనుక ఉన్నడు, ఇయ్యాల ముంగటికి వస్తాండు" అని గొప్పలు చెప్పుకున్న. నువ్వు వచ్చినవ్. తెల్ల అంగి, నల్ల కండ్లద్దాలు. నీడపట్టున కూసోని నల్లద్దాలేందో నాకు తెల్వది. ఎదురుంగ ఆ హీరోయిన్ పిల్ల కూసుంది. జర సేపైనంక అద్దాలు తీసినవ్, కండ్లు తుడుసుకున్నవ్. "మా అక్క చిలుకమ్మ ఇప్పుడు లేదు. పోయేముందు నా చెయ్యి పట్టుకొని, తమ్ముడూ నువ్వు ఆగొద్దు అన్నది" అన్నవ్.

ఇంట్ల ఉన్నోళ్లందరు టీవీ ఇడిసిపెట్టి నా దిక్కు తిరిగిండ్లు. నా చేతుల గంటె ఉంది. మీ బావ మొగిలయ్య నోట్ల గుడాలు అట్లనే ఉన్నయి, నమలలే, మింగలే. పక్కింటి సమ్మమ్మ అయితే లేచి నా ముక్కు కాడ ఏలు పెట్టి సూసింది.

గప్పుడు నాకు సమజైంది. గురువారం నాడు మన కారం గిర్ని ముంగట మిరపకాయలు ఎండబోస్తాంటె కాకి వచ్చి నా నెత్తి మీద తన్నిపోయింది. కాకి తన్నితె గండం. ఆ మనిషి సచ్చిపోయిందని దూరమున్న సుట్టాలకు ఉత్తుత్త కబురు పంపాలె, వాళ్లు నిజమనుకొని ఏడ్వాలె, ఆ ఏడుపుల గండం కొట్టుకపోతది. ఇది మన పెద్దలు చెప్పిందే. మీ బావ నీకు ఫోన్ చేసి చెప్పి ఉంటడు, నువ్వు ఒక్కలకు ఇద్దరికి గాదు, రాష్ట్రం మొత్తానికి కబురు పంపినవ్. అదే మాట అందరికి చెప్పిన. "అబ్బ, తమ్ముడంటె గట్లుండాలె" అన్నరు. సమ్మమ్మకు నిజంగనే ఏడుపొచ్చింది. నా పానం సల్లగైంది తమ్మీ.

కని పద్ధతి సగమే అయింది. ఏడ్చినంక "లేదు, బతికే ఉన్నది" అని మల్ల కబురు పంపాలె. పంపకపోతె ఆ గండం ఏడ్చినోళ్ల మీదికి పోతది. అందుకని వచ్చే ఆదివారం నీ నోటితోని చెప్పు. పెద్దగ ఏం వద్దు. "మా అక్క ఉన్నది, మంచిగున్నది, గిర్ని నడుస్తాంది" అంటె సాలు.

యాకయ్య "సదరు చిలుకమ్మ సజీవముగా ఉన్నదని ఇందుమూలముగా" అని ఏందో రాస్తాండు. ఉంచమన్న. ఆయనకు కూడ కుతి తీరాలె గద.

ఇట్లు నీ అక్క
చిలుకమ్మ (ఎడమ చేతి బొటనఏలు)


"కూర్చోండి, మాట్లాడుకుందాం" కార్యాలయం
హైదరాబాద్, 20 ఫిబ్రవరి 2025

గౌరవనీయ ప్రేక్షకురాలు చిలుకమ్మ గారికి,

నమస్కారం. దర్శకులు శ్రీ ఓంప్రకాశ్ గారి అక్కగారి మృతి పట్ల మీరు పంపిన సానుభూతి లేఖ అందింది. ఈ విషాద సమయంలో మీలాంటి అభిమానులే సార్‌కు కొండంత అండ. అక్కగారు భౌతికంగా మన మధ్య లేకపోయినా, ఎక్కడో ఒకచోట కూర్చుని ఈ కార్యక్రమాన్ని తప్పక చూస్తుంటారని సార్ నమ్మకం.

మీకూ అక్కగారి పేరే ఉండటం సార్ హృదయాన్ని తాకింది. సార్ సంతకం చేసిన ఫొటో జతచేస్తున్నాం.

భవదీయుడు
వంశీ, వ్యక్తిగత సహాయకుడు


వరంగల్
4 మార్చి 2025

ఓంప్రకాశూ,

దీవెనలు తర్వాత. ముందు నీ పీఏకు చెప్పు, మీ సార్ అక్క "ఎక్కడో ఒకచోట" గాదు, కరీమాబాద్‌ల గిర్ని పక్క సందుల కూసోని సూస్తాంది అని. నువ్వు సంతకం చేసిన ఫొటోను మీ బావ గోడకు కొట్టిండు. నేను తీసేసిన.

ఆదివారం సూసిన. దాని తర్వాతి ఆదివారం సూసిన. బతికున్నదని చెప్తవని సూస్తె, పెద్ద ఫొటో పెట్టి దండ ఏసినవు, దీపం పెట్టినవు. వచ్చినోళ్లందరితోని దీపం ముట్టిస్తానవు, వాళ్లింట్ల పోయినోళ్లను యాది చేసుకొమ్మంటానవు. ఇగ దానికి "అక్క దీపం" అని పేరు. తమ్మీ, ఆ ఫొటో ఎవ్వలది? ఆ తెల్లటి మొఖం ఎవ్వలది? ఆ మూతి ఎవ్వలది? నేను పుట్టిన కాడి నుంచి గంత మెత్తగ ఎన్నడన్న నవ్విన్నా? సంపితె సంపినవ్, నన్ను సంపు. పరాయి ఆడదాని ఫొటో పెట్టి నా పేరు మీద ఏడుసుడేంది?

ఈడ నాకైతాన్న పరేశాన్ విను. పరకాల కెళ్లి మన చిన్నమ్మ కోడండ్లు ఆటో కట్టుకొని వచ్చిండ్లు. సందు మొదట్లనే ఏడుపు షురూ చేసిండ్లు, "ఓ అక్కా, ఎప్పుడు పోతివే" అని. నేను అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తాన్న. నన్ను సూసి కూడ ఏడుపు ఆపలే. షురూ చేసినంక మజ్జెల ఆపరాదట. పద్ధతి ప్రకారం మీ బావకు కొత్త తువ్వాల తెచ్చిండ్లు, బుజం మీద ఏసిండ్లు. ఆ మనిషి ఏం చెయ్యాలె? "నా పెండ్లాం ఎదురుంగనే ఉన్నది" అని చెప్పాలె గద! ఆయన తువ్వాలను మడత పెట్టుకొని "మంచి నూలు" అన్నడు.

ఇంకోటి. శివనగర్‌ల ఒకాయన, పేరు చెప్ప, మీ బావకు ముసలితనంల తోడు కావాలె గద అని ఒక సంబంధం ముచ్చట తెచ్చిండు. నేను మర నడుపుతాంటె నా ముంగటనే. కారం గుప్పెడు తీసిన. ఆయన పోయిండు. మీ బావ మాత్రం "ఆమెది ఏ ఊరట?" అని అడిగిండు. నవ్వులాటకట. యాకయ్య, నువ్వు నవ్వకు, రాయి.

కాకి గండం నా మీద కెళ్లి పోయిందో లేదో గాని ఈ గండం నువ్వు తెచ్చినవ్. నోటితోని సంపినోడు నోటితోనే బతికియ్యాలె. వచ్చే ఆదివారం చెప్పాలె. అంతే.

నీ అక్క చిలుకమ్మ


హైదరాబాద్
12 మార్చి 2025

పూజ్యురాలైన అక్కకు నీ తమ్ముడు కాళ్లు మొక్కి రాసేది.

నీ రెండు ఉత్తరాలు ఇవాళే నా చేతికి వచ్చినయి. వంశీ కొత్త పిల్లగాడు. "అక్క" అని కనబడితే చాలు సానుభూతి కార్డు పంపిస్తున్నడట. రోజూ సంచి నిండ వస్తున్నయి అక్కా, వాడు మాత్రం ఏం చేస్తడు.

కాకి సంగతి చదివి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నీకు తెలవనిది ఏమున్నది? అవును, ఆ గండం పోవాలనే చెప్పిన. మనోళ్ల పద్ధతులు హైదరాబాద్ వచ్చినంత మాత్రాన మరుస్తనా? మళ్లీ బతికున్నదని చెప్పే ముచ్చట కూడ నా మనసుల ఉన్నది. కని దానికి మంచి ముహూర్తం ఉండాలె. ఇక్కడ ఒక పంతులును అడిగిన, ఎండాకాలం దాటనీయమన్నడు.

ప్రోగ్రాం మంచిగ పోతున్నది. పోయిన వారం వచ్చిన పెద్ద హీరో వాళ్ల నాయన గురించి చెప్పిండు. చెప్పింది మంచిగనే ఉన్నది, కని ముఖం మీద లైటు సరిగ్గ పడలేదు. అందుకే మళ్లీ చెప్పించిన. ఈసారి "నాన్న" అనేముందు జర ఆగుమన్న. ఆగలే. ఇంకోసారి చెప్పించిన. ఆఖరుకు ఆయనకు నిజంగనే ఏడుపు వచ్చింది. అదీ దర్శకత్వం అంటే! ఆయన మధ్యలనే లేచి వెళ్లిపోయిండు, అంత లోతుగ కదిలిపోయిండు.

ఫొటో గురించి నువ్వు బాధపడుడు న్యాయమే. ఆమె ఒక జూనియర్ ఆర్టిస్టు. నా దగ్గర నీ ఫొటో లేక ఆర్ట్ డిపార్టుమెంటు వాళ్లు పెట్టిన్రు. నీ మంచి ఫొటో ఒకటి పంపు, ఎదురుగ చూసేది. దానికే దండ వేయిస్త.

ఎండలు ముదురుతున్నయి, బయట ఎక్కువ తిరగకు. ముఖ్యంగ పేపరోళ్లు ఎవరన్న వస్తే అస్సలు కనబడకు.

నీ తమ్ముడు
ఓంప్రకాశ్


వరంగల్
20 మార్చి 2025

ఒరేయ్ ఓంప్రకాశూ,

ఈ ఉత్తరం మీద యాకయ్య "శ్రీ" పెట్టిండు. అది దేవునికి, నీకు గాదు.

నా ఫొటో పంపాల్నా? దండ ఏస్తవా? ఉన్న మనిషి ఫొటోకు దండ ఏసుడు కాకి తన్నిన దాని కంటె పెద్ద గండం. ఆ జూనియర్ ఆర్టిస్టు ఎవ్వలో గని ఆమె ఇంట్లోళ్లు సూస్తె ఏమనుకుంటరో ఎన్నడన్న ఆలోచన చేసినవా? ఆమె కూడ ఎవ్వలకో అక్కనే గద.

ఇగ నీ అబద్ధం ముచ్చట. కాకి గండం కోసమే చెప్పిన్నంటివి. మంచిది. నాకు కాకి తన్నింది ఫిబ్రవరిల. సమ్మమ్మ మనుమరాలు అక్షర చెప్పింది, టీవీ ప్రోగ్రాములు ముందుగాలనే తీసి పెట్టుకుంటరని. నా కొడుకు తిరుమలతోని నీ ఆఫీసుకు ఫోన్ చేయించిన. ఆ వంశీ పిల్లగాడు అమాయకుడు, ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. ఆ మొదటి భాగం జనవరిల తీసిండ్లట. ఏమిరా, కాకి తన్నకముందే నీకు కల వడ్డదా? మీ బావను నిలదీసిన. "నాకు వాని నంబరే లేదు, నేనెట్ల చెప్త" అన్నడు.

అంటె కాకి లేదు, గండం లేదు, ఏం లేదు. ఊకనే సంపినవ్.

ఇది నేను ఎవ్వలకు చెప్పలే. వాడకట్టుల ఇంకా కాకి ముచ్చటే నడుస్తాంది. గిర్నికి వచ్చిన ఆడోళ్లు "నీ తమ్ముడసొంటి తమ్ముడు లేడు" అంటాంటె తలకాయ ఊపుతాన్న. యాకయ్యకు ఎట్లయిన తెలుస్తది, రాసేటోడు గాబట్టి. ఆయన దస్తావేజుల మనిషి, నోరు కట్టేసుకుంటడు.

నీ ప్రోగ్రాం కూడ సూస్తనే ఉన్న. నువ్వు అడుగుతవ్, వాళ్లు నోరు తెరువకముందే నువ్వే చెప్తవ్. ఆ పాటలు పాడే పిల్ల "మా అమ్మ..." అన్నదో లేదో, "ఆ, అమ్మ అంటే ఏంది, అమ్మ అంటే" అని నువ్వే అందుకున్నవ్. ఆ పిల్ల అమ్మ ఏమైందో నాకు ఇప్పటిదాక తెల్వది. మధ్యల మధ్యల యాది వస్తాంది, పరేశాన్‌గ ఉన్నది.

నాకు ఒక్కటే చెప్పు. ఆనాడు టీవీల నా పేరు చెప్పి కండ్లు తుడుసుకుంటివి గద. అది ఉత్తుత్త ఏడుపా, నిజం ఏడుపా? ఉత్తుత్తదైతె ఉత్తుత్తది అని రాయి. నేనేమన్న ఇంకోసారి సస్తనా?

చిలుకమ్మ


హైదరాబాద్
3 ఏప్రిల్ 2025

అక్కా,

ఈ ఉత్తరం వంశీ రాస్తలేడు, నేనే చేత్తోటి రాస్తున్న. అక్షరాలు వంకర పోతున్నయి, ఏమనుకోకు.

కాకి సంగతి నాకు తెలవదు. నువ్వు రాస్తే దాన్ని పట్టుకొని తప్పించుకుందామనుకున్న. నువ్వు నాకు తప్పించుకునే దారి కూడ ముందే తయారు చేసి పెట్టినవనిపించింది.

జరిగింది ఇది. ఆ హీరోయిన్‌ను ఏం అడిగినా "థాంక్యూ సార్" అంటది. నీకు ఏది ఇష్టం అంటే థాంక్యూ సార్. బాల్యం ఎట్ల గడిచింది అంటే థాంక్యూ సార్. చానలోళ్లు రాసిచ్చిన ప్రశ్నలు అయిపోయినయి. కెమెరా మీద ఎర్ర లైటు వెలుగుతనే ఉన్నది. ఇన్నేండ్లు ఆ లైటుకు అవతల నిలబడ్డోన్ని, ఇవతల ఇంత భయం ఉంటదని నాకు తెలవదు. నోరు ఎండిపోయింది. చిన్నప్పుడు అంగడిల తప్పిపోతే ఎవరేం అడిగినా "మా అక్క చిలుకమ్మ" అని ఒక్కటే అనేటోన్ని కద. అదే నోట్లకు వచ్చింది. అక్కడికే ఆపితే సరిపోయేది. సినిమా తీసేటోని నోరు కద, సీను పండాలని ముందుకు పోయింది.

అది నిజం ఏడుపే అక్కా. "లేదు" అన్న మాట నా చెవిల పడంగనే, నీ ఇంటికి నేను ఎప్పుడు వచ్చిన్నో యాది చేసుకోబోయిన. యాదికి రాలేదు.

తర్వాత నేను చెప్దామనే అనుకున్న. చానలోళ్లు ఒప్పుకోలే. జనం చూసింది ఆ ఒక్క ఏడుపునే, ఇప్పుడు ఆమె బతికున్నదంటే మన పరువు పోతది అన్నరు. వాళ్ల పరువు ఇప్పుడు ఎట్లున్నదో విను. పిలిచినోళ్లు వస్తలేరు. ఆ పెద్ద హీరో, నేను మళ్లీ మళ్లీ చెప్పించినందుకు, దోస్తులందరికి ఫోన్ చేసి పోవద్దన్నడట. రాత్రి పూట నుంచి ప్రోగ్రాంను పగటికి మార్చిన్రు. ఇప్పుడు వంటల ప్రోగ్రాంకు, జాతకాల ప్రోగ్రాంకు మధ్యల ఇరికి ఉన్న. పోయిన వారం అతిథి దొరకక జాతకాలు చెప్పేటాయననే పిలిచి కూర్చోబెట్టిన్రు. నాకు శని నడుస్తున్నదని చెప్పి పోయిండు.

ఆఖరు భాగం మొన్ననే తీసినం. దాంట్ల చెప్పిన. దీపం ఆర్పేసి, ఆ ఫొటోను తిప్పిపెట్టి, "మా అక్క బతికే ఉన్నది, వరంగల్‌ల ఉన్నది, నేను అబద్ధం చెప్పిన" అన్న. ఎవరినీ మళ్లీ చెప్పుమనలే, నేను కూడ ఒక్కసారే చెప్పిన. పదమూడో తారీకు ఆదివారం వస్తది. అందరిని పిలిచి చూపెట్టు.

నీ తమ్ముడు


వరంగల్
15 ఏప్రిల్ 2025

ఓంప్రకాశూ,

అందరిని పిలిచిన. పరకాలోళ్లను కూడ పిలిచిన. పట్టపగలు, గిర్ని బందు పెట్టి, మస్తు గిరాకీ ఉన్న రోజుల. మిరపకాయల సంచులు వరుసగ ఉన్నయి, వాటి మీదనే అందరిని కూసోబెట్టి టీవీ బయటికి గుంజి పెట్టిన. "సూడుండ్రి, ఇప్పుడు నేను బతుకుత" అన్న.

వంటలు అయిపోయినయి. నువ్వు వచ్చినవు. ఏదో మాట్లాడినవు. మధ్యల సబ్బు, నూనె, మల్ల సబ్బు. అటెన్క దీపం వెలుగుతనే ఉన్నది, ఫొటో నవ్వుతనే ఉన్నది, పాట వచ్చింది, ఖతం. కింద ఏదో అక్షరాలు వచ్చినయి. యాకయ్యను సదువుమన్న. సదువలే. గట్టిగ అడిగితె "కీర్తిశేషురాలు చిలుకమ్మ గారికి అంకితం" అన్నడు.

టీవీల జాతకాలాయన వచ్చి, ఈ వారం మిథునరాశి వాళ్లకు ఆరోగ్యం మంచిగుంటదన్నడు. సమ్మమ్మ మెల్లగ, "చిలుకక్కా, మల్ల ఏమన్న కాకి తన్నిందా?" అని అడిగింది.

ఇగ నేను దాయలే. ఉన్నదున్నట్టు అందరికి చెప్పిన. కాకి ముచ్చట మావోనికి తెల్వది, నోరు జారిండు, చెప్తనన్నడు, చెప్పలే అని. పరకాలోళ్లు "మా తువ్వాల మాకియ్యి" అన్నరు. మీ బావ ఇయ్యలే, ఆయనకు అది అలవాటైంది.

నువ్వు చెప్పిన్నని రాసింది అబద్ధమో, నిజమో, నాకు తెల్వది. నిజమైతె ఆ మాట ఏడవోయిందో చెప్పు. అబద్ధమైతె రాయకు.

ఏది ఏమన్న గని, నా తీర్పు ఇది. సంపినోడు దినం చెయ్యాలె. వచ్చే నెల పదకొండో తారీకు ఆదివారం. బగారన్నం, మటన్, తలకాయ కూర, కల్లు. వాడకట్టంత వస్తరు, టీవీల సూసి ఏడ్చినోళ్లందరు వస్తరు. నువ్వు వచ్చి చెయ్యాలె. నా దినంల నేను కూసోని తింట. సచ్చినామె ముద్ద ముద్దకు కారం సాలలేదంటాంటె ఎవ్వలు కాదంటరో సూస్తా. యాకయ్య "బతికున్నోళ్లకు దినాలు చేసుడు శాస్త్రంల లేదు" అంటాండు. టీవీల పోయినోళ్ల ముచ్చట శాస్త్రంల ఎట్లుంటది? రాసినోళ్ల ఇండ్లల్ల టీవీలు లేవు.

చిలుకమ్మ

లేఖరి మనవి: సదరు విషయమున నేను నిమిత్తమాత్రుడను. తలకాయ కూర మాత్రం నాకు ఇష్టమే. యాకయ్య.


హైదరాబాద్
21 ఏప్రిల్ 2025

అక్కా,

నేను చెప్పింది నిజం. చానలోళ్లు కోసేసిన్రు. నా సినిమాలల్ల ఎంతమంది మాటలు ఎడిటింగ్ టేబుల్ మీద కోసి పారేసిన్నో లెక్క లేదు. నా మాట కోస్తే ఎట్లుంటదో ఇప్పుడు తెలిసింది. ఆదివారం చూసి పోయి లొల్లి చేసిన. వాళ్లు టీ ఇప్పిచ్చిన్రు. ప్రోగ్రాం బంద్ అయిందన్నరు. వంశీ ఆ జాతకాలాయన దగ్గర చేరిండు.

దినం ముచ్చటకు నవ్వు రాలేదు అక్కా. భయమైంది. ఓడిపోయి వస్తున్న అనుకుంటరు. ఇక్కడ పేపర్ల రాసినయి చదివిన్రో ఏమో. "మాట్లాడుట రానోడు మాట్లాడిస్తనని కూర్చున్నడు" అని రాసిన్రు. నేను మంచి వంటోళ్లను పంపిస్త, షామియానా పంపిస్త. నేను మాట్లాడింది వీడియో తీసి పంపిస్త, అందరికి చూపెట్టు. కొద్దిగ జనం మరిచిపోయినంక నేనే వస్త.

నీ తమ్ముడు


వరంగల్
26 ఏప్రిల్ 2025

తమ్మీ,

మాట కోసిండ్లంటె నమ్మిన. సినిమాలల్ల నీ పని కూడ అదే అంటివి, ఆనాడు నీ తాన పనిచేసినోళ్లు ఎంత ఏడ్చిండ్లో.

వీడియో వద్దు. టీవీల సంపి వీడియోల బతికిస్తవా? ఈడ ఎవ్వలు నీ ప్రోగ్రాం బంద్ అయిందని ఫికర్ పడుతలేరు. వంటల ప్రోగ్రాం ఉన్నదా పోయిందా అని మాత్రం సమ్మమ్మ అడిగింది. ఓడిపోయినోడు వస్తాండని ఎవ్వలనుకుంటరు? చిలుకమ్మ తమ్ముడు వస్తాండనుకుంటరు. అంగడిల తప్పిపోయిన్నాటి నుంచి నీకున్న పేరు గదే.

వంటోళ్లు వద్దు. బకెట్ పట్టుకునేటోడు కావాలె. నల్లద్దాలు తేకు, అన్నం ఏడ పడుతాందో కనబడది.

అక్క


వరంగల్
19 మే 2025

తమ్మీ ఓంప్రకాశ్‌కు అక్క చిలుకమ్మ దీవించి రాయించునది.

నువ్వు మంచిగ చేరుకున్నవని నిన్ను దింపినంక తిరుమల ఫోన్‌ల చెప్పిండు. ఇయ్యాల గిర్ని తాన గిరాకీ తక్కువ, అందుకని యాకయ్యను పిలిచిన.

నువ్వు పోయినంక దినం ముచ్చటే నడుస్తాంది. నా ముంగటనే నా గురించి చెప్పుకున్నరు గద, ఆడికి ఊకున్న, ఎందుకంటె పోయినామె మాట్లాడొద్దు. పరకాల చిన్న కోడలు నేను లెక్కకు మిక్కిలి మంచిదాన్నన్నది. అబద్ధం. సమ్మమ్మ, నేను కారంల ఉప్పు ఎక్కువ కలుపుతనన్నది. అది గూడ అబద్ధమే, రేపు దాని సంగతి సూస్త. శివనగరాయన, సంబంధం తెచ్చినాయన, రెండుసార్లు మటన్ ఏయించుకొని నాకు దండం పెట్టిండు.

నువ్వు బకెట్ పట్టుకొని వరుసల నడుస్తాంటె నీ అంగి మొత్తం పులుసైంది. మంచిగనిపించింది. ఒక్కొక్కని ముంగట ఆగినవు. "ఇంత ఏయాల్నా" అని అడిగినవు, వాడు చెప్పిందాక నిలబడ్డవు. కొందరు అన్నం ముచ్చట ఇడిసి ఇంటి ముచ్చట చెప్పిండ్లు, అయినా కదలలే. చివరి వరుసోళ్లకు సల్లారిపోయింది. వాళ్లు తిట్టుకున్నరు. తిట్టుకోనీ.

ఒక ముచ్చట నేను నీకు చెప్పలే. అందరు తిన్నంక నువ్వు మీ బావ పక్కన నులక మంచం మీద కూసున్నవు. నేను గోడ అవతల గిన్నెలు తోముతాన్న. "బావా, ఆ రోజు టీవీల చూసి ఏమనుకున్నవ్?" అని అడిగినవు. ఆ మనిషి ఉలకడు, పలకడు అనుకున్న. చాలాసేపు పలకలే. నువ్వు ఇంకో మాట అందుకోలే. అప్పుడు ఆయన అన్నడు, "టీవీల లేదన్నరు. పక్కకు సూసిన. ఉన్నది. అప్పటి నుంచి పక్కకు సూసుడు అలవాటైంది" అని.

గిన్నె చేతుల నుంచి జారింది. సప్పుడు విని మీరిద్దరు పిల్లి అనుకున్నరు. అనుకోనీ.

మా పెండ్లి అయిన కాడి నుంచి ఆ మనిషి నా గురించి గన్ని మాటలు ఒక్కసారి మాట్లాడింది లేదు. ఇప్పుడు కూడ నా తోని చెప్పలే, నీ తోని చెప్పిండు. నేను విన్నట్టు ఆయనకు తెల్వది, నువ్వు చెప్పకు. ఆనాటి నుంచి నేను కూడ ఆయన పక్కకే కూసుంటాన్న. సూసేటోడు ఎంతసేపని మెడ తిప్పుతడు.

రాష్ట్రంల మిగిలినోళ్లకు నేను సచ్చినట్టే ఉన్న. ఉండనీ. నిన్న మంచిర్యాల కెళ్లి ఎవ్వలో ఒకామె ఫోన్ చేసింది, ఆ మొదటి భాగం మల్ల ఏసిండ్లట. "చిలుకమ్మ గారింటికేనా" అని షురూ చేసి గట్టిగ ఏడ్చింది. నేను నడుమల ఆపలే. బాగ ఏడ్వనిచ్చిన. అటెన్క "నేనే, చెప్పు" అన్న. ఫోన్ పెట్టేసింది.

ఒక్కటే మాట గుర్తుంచుకో. నేను నిజంగ పోయిన్నాడు టీవీల, పేపర్ల చెప్పకు, ఎట్లగూ ఎవ్వలు నమ్మరు. తిరుమల నీకు ఫోన్ చేస్తడు. నంబరు రాసిచ్చిపో అన్న గద, మర్చిపోయినవు. ఈ ఉత్తరం అందంగనే కాయితం మీద నంబరు రాసి పంపు. పీఏది గాదు, నీది.

అక్క